ఆగిపోతున్న పాత ఆటోమేటిక్ వాచీ: రోటర్ పని చాలా, పూర్తి సర్వీసా, మూవ్‌మెంట్ మార్చేయాలా?

ఆటోమేటిక్ వాచీ ఆగిపోతోందని ఎవరికి చెప్పినా "సర్వీసింగ్ చేయించండి" అంటారు. చాలాసార్లు అది సరైన మాటే. కానీ ఆగిపోవడం ఒక జబ్బు కాదు, కనీసం నాలుగు జబ్బులకు ఉమ్మడి లక్షణం. స్ప్రింగుకు చాలినంత కీ ఎక్కకపోయినా ఆగుతుంది. కీ నిండుగా ఉండి ఆ బలం బ్యాలెన్స్ దాకా, అంటే అటూ ఇటూ ఊగుతూ టైము కొలిచే చక్రం దాకా, చేరకపోయినా ఆగుతుంది. ముళ్లు ఒకదానికొకటి తగులుతున్నా, తేదీ మార్చే పళ్లు బిగుసుకున్నా ఆగుతుంది. మొదటి రకానికి పూర్తి సర్వీసు డబ్బు దండగ కావచ్చు. రెండో రకానికి, చేయి కదిలినప్పుడల్లా తిరిగి స్ప్రింగుకు కీ ఎక్కించే రోటర్ ఒక్కటే శుభ్రం చేయిస్తే రెండు వారాల్లో మళ్లీ మొదటికొస్తుంది. అందుకే ఏ దారి ఎంచుకోవాలో తేల్చేది వాచీ ఎంత పాతదన్నది కాదు, ఎప్పుడు, ఏ స్థితిలో ఆగుతోందన్నది. దాన్ని పట్టుకోవడానికి మూత తీయనక్కర్లేదు, మూడు నాలుగు రోజుల ఓపిక చాలు.

ఇంట్లోనే చేసే పరీక్ష

ముందు వాచీకి నిండుగా కీ ఇవ్వండి. ఈటీఏ 2824-2, దానికి జోడీలాంటి సెలిటా ఎస్‌డబ్ల్యూ200-1, మియోటా 8215 లాంటి మూవ్‌మెంట్లు (వాచీ లోపలి యంత్రాలు) క్రౌన్, అంటే పక్కనుండే బొత్తాం, తిప్పి కీ ఇవ్వగలిగే రకాలు. క్రౌన్ బయటికి లాగకుండా, నిదానంగా 30 నుంచి 40 చుట్లు తిప్పండి. ఆటోమేటిక్‌లో స్ప్రింగు చివర గట్టిగా బిగించి ఉండదు, తనను చుట్టి పెట్టిన డబ్బా గోడను ఒత్తుకుని ఉండి, నిండాక జారుతుంది. కాబట్టి చేత్తో కీ ఇచ్చే వాచీలో లాగా చివర్లో గట్టిగా ఆగదు, భయపడక్కర్లేదు.

సీకో 7ఎస్26 లాంటి మూవ్‌మెంట్‌లో ఈ సౌకర్యం లేదు, క్రౌన్ ఎంత తిప్పినా కీ ఎక్కదు. దాన్ని డయల్ పైకి ఉంచి పక్కలకు వంపుగా ఊపాలి. అలా ఊపితే కదలడానికి సరిపడా బలం వస్తుందే కానీ స్ప్రింగు నిండదు. నిండాలంటే ఒక పూట బాగా తిరిగే రోజు చేతికి పెట్టుకోవాలి, లేదా వాచీని తిప్పుతూ ఉంచే పెట్టె, వాచ్ వైండర్‌లో ఒక రోజు ఉంచాలి.

కీ నిండాక డయల్ పైకి పెట్టి బల్ల మీద వదిలేయండి. టైము రాసుకోండి. ఎప్పుడు ఆగిందో ఆ ముళ్లే చెబుతాయి. 2824-2 అయితే 38 గంటలు, 7ఎస్26 అయితే సుమారు 40 గంటలు నడవాలి. పాత వాచీకి నాలుగైదు గంటలు తగ్గినా తప్పు పట్టకండి.

నిండుగా కీ ఇచ్చినప్పుడు పూర్తి కాలం నడిచి, చేతికి పెట్టుకున్న రోజుల్లో మాత్రం తెల్లారేసరికి ఆగుతోందంటే గుండె బాగానే ఉంది, దానికి ఆహారం అందడం లేదన్నమాట. లోపం రోటర్ వైపు ఉంది, లేదా మీ కదలిక చాలడం లేదు. రోజుకు పది పన్నెండు గంటలు పెట్టుకుని మామూలుగా తిరిగే మనిషి చేతి మీద ఆరోగ్యంగా ఉన్న ఆటోమేటిక్ రాత్రంతా నడవాలి. రోజంతా కీబోర్డు ముందు కూర్చునేవారికి, మంచం పట్టినవారికి ఈ లెక్క వర్తించదు. వాళ్ల వాచీలో ఏ లోపమూ లేకపోవచ్చు. వారానికి రెండుసార్లు కీ ఇస్తే చాలు.

నిండుగా కీ ఇచ్చినా ఆరు, ఎనిమిది, పది గంటల్లో ఆగుతోందా? అప్పుడు నూనె ఎండిపోయి ఉంటుంది, లేదా కీ ఎక్కే స్ప్రింగు, అంటే మెయిన్‌స్ప్రింగ్, పని అయిపోయి ఉంటుంది. ఆగిన వాచీని ఒక్కసారి కదిపితే వెంటనే మళ్లీ నడిచి, కాసేపటికి ఆగుతోందంటే స్ప్రింగులో బలం ఇంకా ఉంది, దారిలో రాపిడి దాన్ని తినేస్తోంది. ఇది పూర్తి సర్వీసు కేసు, మారుమాట లేదు.

ఇప్పుడు స్థితి మార్చి చూడండి. డయల్ పైకి, డయల్ కిందికి, క్రౌన్ పైకి, క్రౌన్ కిందికి, ఒక్కో స్థితిలో నిండుగా కీ ఇచ్చి సగం రోజు. ఒకే ఒక్క స్థితిలో ఆగుతుంటే బ్యాలెన్స్ ఇరుసు అరిగిందో వంగిందో, దాన్ని ఊపే సన్నని హెయిర్‌స్ప్రింగ్ ఎక్కడో రాసుకుంటోందో. ఎప్పుడు చూసినా ముళ్లు ఒకదాని మీద ఒకటి వచ్చే వేళలోనే ఆగుతుంటే, ఉదాహరణకు 1:05 దగ్గర, 6:33 దగ్గర, అవి తగులుకుంటున్నాయి. అది సర్వీసు కూడా కాదు, అయిదు నిమిషాల సర్దుబాటు. రాత్రి తొమ్మిది నుంచి ఒంటిగంట మధ్య ఆగుతుంటే తేదీ చక్రాన్ని తిప్పే భారాన్ని వాచీ మోయలేకపోతోంది. తేదీ పళ్లే పాడై ఉండవచ్చు, కానీ ఎక్కువగా మొత్తం మూవ్‌మెంట్ నీరసంగా ఉండటమే అసలు కారణం, తేదీ భారం దాన్ని బయటపెడుతోంది. మాటలో మాట: రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారు మూడు దాకా క్రౌన్‌తో తేదీ మార్చకండి. అప్పటికే పళ్లు కలిసి ఉంటాయి, తిప్పితే విరుగుతాయి.

రోజుకు నిమిషాల కొద్దీ ముందుకు పరిగెడుతున్న వాచీని దిక్సూచి పక్కన పెట్టండి. ముల్లు ఊగితే అయస్కాంతం పట్టింది. డీమాగ్నెటైజర్ మీద ఒక్క నిమిషం పని. దానికి ఎవరూ వాచీ విప్పక్కర్లేదు.

రోటర్ వైపు పని మాత్రమే

దీనికి యోగ్యమైన వాచీ ఒకటే: నిండుగా కీ ఇస్తే పూర్తి కాలం నడిచేది, చివరిసారి సర్వీసు జరిగి మూడు నాలుగేళ్లు దాటనిది. రోటరూ దాని కింది చక్రాలూ ఉండే పలక చాలా మూవ్‌మెంట్లలో రెండు మూడు స్క్రూలతో విడిగా వచ్చేస్తుంది, మిగతా దాన్ని కదపక్కర్లేదు.

2824-2 కుటుంబంలో ఒక గుర్తు ఉంది. మూత తీసి, లేదా గాజు మూత ఉంటే అందులోంచే చూస్తూ, క్రౌన్‌తో నిదానంగా కీ ఇవ్వండి. రోటర్ కదలకుండా ఉండాలి, మహా అయితే సన్నగా వణకాలి. క్రౌన్ తిప్పినకొద్దీ అదీ గిర్రున తిరుగుతుంటే రివర్సర్ చక్రాలు బిగుసుకున్నాయి. రోటర్ ఎటు తిరిగినా స్ప్రింగుకు ఒకే దిశలో కీ ఎక్కించే చిన్న జంట చక్రాలు అవి. లోపల మెంతిగింజ కన్నా చిన్న కొక్కేలు ఉంటాయి. పాత నూనె జిగురైతే ఆ కొక్కేలు అంటుకుపోతాయి. ఈ గుర్తు కనిపించాక క్రౌన్‌తో కీ ఇవ్వడం ఆపేయండి, ప్రతి చుట్టూ ఆ పళ్లను అరగదీస్తుంది.

రివర్సర్లను మామూలు నూనెతోనో గ్రీజుతోనో తడపడం ఇక్కడ జరిగే పెద్ద తప్పు. మరుసటి నెలకే మళ్లీ అంటుకుంటాయి. వాటిని శుభ్రం చేసి, లుబెటా వి105 లాంటి ద్రవంలో ముంచి ఆరబెట్టాలి. ద్రావకం ఎగిరిపోయి పలుచని పొర మాత్రమే మిగులుతుంది. అరిగిపోయి ఉంటే కొత్తవి వేయడమే మేలు, శుభ్రం చేసిన పాతవాటి మీద నమ్మకం పెట్టుకోకండి. సీకోలో రివర్సర్లు ఉండవు, 1959 నుంచి ఆ కంపెనీ వాడుతున్న మ్యాజిక్ లివర్ ఉంటుంది. రెండు చేతులున్న ఒకే లివర్, ఒక చేయి లాగుతుంది, ఇంకొకటి నెడుతుంది. ఇది మొండిది, అంత తొందరగా చెడదు. చెడితే లివర్ మొనలు, అది పట్టుకునే పళ్లు అరిగి ఉంటాయి.

ఇంకో అనుమానం రోటర్ ఇరుసు. మూత లోపలి వైపు మెరిసే అర్ధచంద్రాకారపు గీత పడి, దాని చుట్టూ బంగారు రంగు పొడి కనిపిస్తే రోటర్ వేలాడి మూతను గీకుతోంది. ఆ పొడి అక్కడితో ఆగదు, మూవ్‌మెంట్ అంతా వ్యాపిస్తుంది. అది కనిపిస్తే రోటర్ పని ఒక్కటే చేయించి ఊరుకోవడం లాభం లేదు. 1950ల ముందటి కొన్ని ఆటోమేటిక్‌లలో రోటర్ పూర్తిగా తిరగదు, అటూ ఇటూ ఊగి చిన్న స్ప్రింగులకు కొట్టుకుంటుంది. చేతికి టక్కుమని తగిలే ఆ దెబ్బ దాని స్వభావం, జబ్బు కాదు.

పూర్తి సర్వీసు

చివరి సర్వీసు ఎప్పుడో తెలియని, నిండుగా కీ ఇచ్చినా తొందరగా ఆగే పాత వాచీకి మా సలహా ఇదే. కానీ "పూర్తి సర్వీసు" అన్న పేరుతో రెండు వేర్వేరు పనులు జరుగుతున్నాయి. ఒకటి, మూవ్‌మెంట్‌ను చివరి స్క్రూ దాకా విప్పి, ద్రావకాల్లో కడిగి, అరిగినవి మార్చి, ఒక్కో చోట దానికి తగిన నూనె పెట్టి మళ్లీ కూర్చడం. రెండోది, విప్పకుండానే ద్రావకంలో ముంచి, ఇరుసులు తిరిగే చిన్న రాళ్ల మీద తలో చుక్క వేసి ఇచ్చేయడం. రెండోదాని తరువాత వాచీ నడుస్తుంది, అందుకే మోసపోతాం. ముంచినప్పుడు కరిగిన మురికి బయటికి పోవడానికి దారి లేక ఇరుసుల దగ్గరే చేరుతుంది. రాయి చుట్టూ గోధుమ రంగు వలయంలా ఎండిన పాత నూనె మీద కొత్త చుక్క పడితే రెండూ కలిసి ముద్దవుతాయి. కొన్ని నెలల్లో వాచీ మళ్లీ ఆగుతుంది, ఈలోగా ఇరుసులు అరుగుతూనే ఉంటాయి.

నూనెలు ఎందుకు ఒకటి కాదో తెలిస్తే పనివాడితో మాట్లాడటం తేలిక. వేగంగా కదిలే సన్నని ఇరుసులకు మోబియస్ 9010 లాంటి పలుచనిది, నెమ్మదిగా ఎక్కువ ఒత్తిడితో తిరిగే చోట హెచ్‌పీ1300 లాంటి చిక్కనిది, బ్యాలెన్స్‌కు ఊపునిచ్చే ప్యాలెట్ ఫోర్క్ రాళ్ల మొనలకు 9415. ప్యాలెట్ ఫోర్క్ ఇరుసులకు అసలు నూనె పెట్టరు. ఇక ఆటోమేటిక్‌కు ప్రత్యేకమైనది డబ్బా లోపలి గోడ. అక్కడ పెట్టే గ్రీజు జారడానికి కాదు, స్ప్రింగు చివరను పట్టి ఉంచడానికి. 8217, క్లూబర్ పి125 అలాంటివి. ఆ గోడకు మామూలు నూనె రాస్తే స్ప్రింగు సగం నిండకముందే జారిపోతుంది. కొత్తగా సర్వీసు చేసిన వాచీ హుషారుగా కొట్టుకుంటూ కూడా ఇరవై గంటలకే ఆగుతుంటే మొదట అనుమానించాల్సింది ఇదే. దీనికి తిరగబడిన తప్పూ ఉంది: స్ప్రింగు అసలు జారకుండా పట్టేస్తే బ్యాలెన్స్ మితిమీరి ఊగి ప్యాలెట్ ఫోర్క్‌కు అవతలి వైపు నుంచి కొట్టుకుంటుంది, వాచీ విపరీతంగా ముందుకు పరిగెడుతుంది.

మెయిన్‌స్ప్రింగ్ మార్చమని అడగండి. నడుస్తోంది కదా అని పాతదాన్నే కడిగి పెట్టడం తప్పుడు పొదుపు. బయటికి తీసిన ఆరోగ్యమైన స్ప్రింగు వెనక్కి విచ్చుకుని ఇంచుమించు ఎస్ ఆకారంలో పడుకుంటుంది. చుట్ట చుట్టినట్టే ఉండిపోతే దానిలో సత్తువ లేదు. నీలి ఉక్కుతో చేసిన చాలా పాత స్ప్రింగులైతే చెప్పకుండా పుటుక్కున తెగుతాయి కూడా. 7ఎస్26 లాంటి వాటికి స్ప్రింగును విడిగా కాకుండా డబ్బాతో సహా మార్చేయడం మామూలు.

వాచీ ఇచ్చేముందు అడగాల్సినవి ఎక్కువ లేవు. మొత్తం విప్పుతారా? విప్పకముందు, కూర్చాక టైమ్‌గ్రాఫర్ (టిక్కుల చప్పుడు విని వాచీ నడక కొలిచే యంత్రం) అంకెలు చూపిస్తారా? మార్చిన పాత భాగాలు తిరిగిస్తారా? రబ్బరు వాషర్లు మార్చి నీటి ఒత్తిడి పరీక్ష చేస్తారా? వీటికి విసుక్కోకుండా జవాబిచ్చే చోట ఇవ్వండి. కేసుకు పాలిష్ పెట్టొద్దని, డయల్ ముట్టుకోవద్దని స్పష్టంగా చెప్పండి. ఒకసారి పాలిష్ కింద పోయిన పదునైన అంచులు తిరిగి రావు. 1960ల ముందు నాటి వాచీలో ముళ్ల మీద, అంకెల మీద వెలిగే పూత రేడియం కావచ్చు. వెలుగు చచ్చిపోయినా రేడియోధార్మికత ఉంటుంది. ఇంట్లో దాన్ని గీకడం, మూత తీసి ఊదడం చేయకండి.

స్వతంత్ర పనివాడా, కంపెనీ సర్వీసు కేంద్రమా?

పాత వాచీకి సాధారణంగా స్వతంత్ర పనివాడే మేలు. అతను ఉన్న భాగాన్ని బాగుచేస్తాడు, కంపెనీ దాన్ని మార్చేస్తుంది. కంపెనీ కేంద్రంలో ముళ్లూ డయలూ కొత్తవి వేసి, కేసు తళతళలాడించి ఇవ్వడం మామూలే. రోజూ పెట్టుకునే వాచీకి అది సుఖం, తాతగారి వాచీకి అది నష్టం. అక్కడికే ఇవ్వాల్సి వస్తే ఏమేం మార్చకూడదో కాగితం మీద రాయించుకోండి. మరీ పాత మోడళ్లను వాళ్లే తీసుకోకపోవచ్చు.

కంపెనీ గెలిచేది విడిభాగాల దగ్గర. స్వాచ్ గ్రూప్ 2015 చివరితో స్వతంత్ర మార్కెట్‌కు విడిభాగాల సరఫరా ఆపేశాక, ఆ గ్రూపు వాచీలకు కొన్ని భాగాలు బయట దొరకడం కష్టమైంది. 2824-2కు ఈ ఇబ్బంది తక్కువ, ఎస్‌డబ్ల్యూ200-1 భాగాల్లో చాలావరకు దానికి సరిపోతాయి. క్రోనోగ్రాఫ్ అయితే, లేదా నీళ్లలో దిగాల్సిన వాచీ అయితే కంపెనీ వైపు మొగ్గండి.

మూవ్‌మెంట్ మార్చేయడం

దీన్ని నామోషీగా చూడక్కర్లేదు. లక్షల్లో తయారైన పనిముట్టు లాంటి వాచీకి, మంచి సర్వీసు ఖర్చు కొత్త మూవ్‌మెంట్ ధరను మించిపోయే చోట ఇదే తెలివైన దారి. 2824-2 బదులు ఎస్‌డబ్ల్యూ200-1 నేరుగా కూర్చుంటుంది: రెండింటి వ్యాసం 25.6 మిల్లీమీటర్లు, మందం 4.6. 7ఎస్26 బదులు తేదీ, వారం రెండూ ఉంటే ఎన్‌హెచ్36, తేదీ ఒక్కటే ఉంటే ఎన్‌హెచ్35 వేస్తుంటారు. పైగా వాటిలో క్రౌన్‌తో కీ ఇవ్వొచ్చు, క్రౌన్ లాగితే సెకన్ల ముల్లు ఆగుతుంది.

కొనేముందు కొలవాల్సినవి ఉన్నాయి. ముళ్ల రంధ్రాలు: 2824-2లో గంటలది 1.50, నిమిషాలది 0.90, సెకన్లది 0.25 మిల్లీమీటర్లు. ఎన్‌హెచ్35లో మొదటి రెండూ అవే, సెకన్లది 0.20. డయల్ కాళ్లు ఎక్కడున్నాయి, క్రౌన్ మూడు దగ్గరా నాలుగు దగ్గరా, తేదీ కిటికీకి అంకె సరిగ్గా వస్తుందా అన్నవి కూడా. క్రౌన్ నాలుగు దగ్గరున్న కేసులో మూడు కోసం ముద్రించిన తేదీ చక్రం వేస్తే అంకెలు వంకరగా కనిపిస్తాయి. పాత మూవ్‌మెంట్‌ను పారేయకండి, డబ్బాలో పెట్టి వాచీతో పాటే ఉంచండి.

ఆ వాచీకి ఆ మూవ్‌మెంటే విలువైతే, 1969లో వచ్చిన సీకో 6139 ఆటోమేటిక్ క్రోనోగ్రాఫ్ లాంటిదైతే, మార్పిడి ఊసే వద్దు. అవసరమైతే అదే మూవ్‌మెంట్ ఉన్న పాడైన వాచీ ఇంకొకటి కొని భాగాలు తీసుకోవచ్చు.

మీరే విప్పుదామనుకుంటే

నేర్చుకోవడానికి ఇది మంచి విద్య, కానీ మీకు ప్రేమ ఉన్న వాచీ మీద మొదలుపెట్టకండి. ఈటీఏ 6497, లేదా దాని నకలు, 36.6 మిల్లీమీటర్ల పెద్ద మూవ్‌మెంట్, చేత్తో కీ ఇచ్చేది. అది కొని, మూడుసార్లు విప్పి కూర్చి, ప్రతిసారీ నడిపించగలిగాక ఆటోమేటిక్ వైపు రండి. ఏ మూవ్‌మెంట్ అయినా బ్రిడ్జి (చక్రాలను పట్టి ఉంచే పలక) స్క్రూ తాకేముందు స్ప్రింగు బలం దించాలి: క్రౌన్‌ను వేళ్లతో పట్టుకుని, స్ప్రింగు వెనక్కి తిరగకుండా ఆపే కొక్కెం, క్లిక్‌ను పక్కకు నెట్టి, క్రౌన్‌ను వేళ్ల మధ్య నెమ్మదిగా జారనివ్వాలి. ఇది మరిచి బ్రిడ్జి వదులు చేస్తే నిండుగా ఉన్న స్ప్రింగు ఒక్క క్షణంలో చక్రాల పళ్లు విరగ్గొడుతుంది. ప్యాలెట్ ఫోర్క్‌ను స్పిరిటులో నానబెట్టకండి, రాళ్లను పట్టి ఉంచే లక్క కరుగుతుంది. మూత తీసి తుప్పు వదిలించే స్ప్రే కొట్టడం సర్వీసు కాదు. అది డయల్ దాకా పాకి, హెయిర్‌స్ప్రింగ్ చుట్లను ఒకదానికొకటి అంటిస్తుంది.

వాచీ చేతికొచ్చాక

టైమ్‌గ్రాఫర్‌లో లిఫ్ట్ యాంగిల్ (ఊపు లెక్కకు ఆ మూవ్‌మెంట్‌కు తగిన కోణం) సరిగ్గా పెట్టకపోతే వచ్చే అంకెలకు అర్థం లేదు: 2824-2కు 50 డిగ్రీలు, 7ఎస్26కు 53, మియోటా 8215కు 49. నిండుగా కీ ఇచ్చి డయల్ పైకి పెడితే బ్యాలెన్స్ ఊపు 270 నుంచి 310 డిగ్రీల మధ్య ఉంటే నిశ్చింత. నిలువుగా పెట్టినప్పుడు ముప్పై నలభై తగ్గడం సహజం. 7ఎస్26 లాంటి పనిముట్టు తరహా మూవ్‌మెంట్లలో 230 - 250 వచ్చినా ఒప్పుకోండి. బీట్ ఎర్రర్, అంటే అటు ఊపుకూ ఇటు ఊపుకూ పట్టే కాలంలో తేడా, 0.8 మిల్లీసెకన్లలోపు ఉంటే చాలు. అసలు పరీక్ష మరునాడు: కీ ఇవ్వకుండా 24 గంటలు వదిలి మళ్లీ చూస్తే 200 పైనే ఉండాలి. దుకాణంలో చూపించే నిండు కీ అంకెలు ఎంత బాగున్నా, ఈ రెండో అంకె పడిపోతే వాచీ రాత్రుళ్లు మళ్లీ ఆగుతుంది.

మొదటి వారం రోజూ ఒకే వేళకు టైము సరిచూసి రాసుకోండి. ఆ తరువాత ఒకసారి, మొదట ఇంట్లో చేసిన పరీక్షే మళ్లీ చేయండి: నిండుగా కీ, డయల్ పైకి, బల్ల మీద. 36 గంటల లోపే ఆగితే ఆ కాగితంతో పాటు వాచీని గ్యారంటీ గడువులోనే వెనక్కి తీసుకెళ్లండి, "ఆగుతోంది" అని కాకుండా ఎన్ని గంటలకు, ఏ స్థితిలో ఆగిందో చెప్పండి.